రెండేళ్ల బిజినెస్ డిగ్రీ: జీతమెంత, అప్పెంత?



వేసవి వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది. అన్నయ్యో అక్కయ్యో ఎప్పుడో వేసిన పిటిషన్ ఏళ్ల తరబడి ఎదురుచూశాక మంజూరై, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఒక కుటుంబం గ్రీన్ కార్డు మీద వచ్చి దిగుతుంది. తండ్రికి గ్యాస్ స్టేషన్లోనో గ్రోసరీ స్టోర్లోనో పని దొరుకుతుంది. కొడుక్కి పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. అక్కడ ఇంటర్ సి.ఇ.సి. పాసై వచ్చాడు. వీణ్ణి ఏం చదివించాలి అన్న మాట రాగానే పెదనాన్న తేల్చేస్తాడు: "కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్‌లో చేర్పించు. రెండేళ్లలో అసోసియేట్ డిగ్రీ చేతికొస్తుంది. కామర్స్ వాడికి తెలిసిందే కదా!"

పెదనాన్న చెప్పింది తప్పు కాదు. అలాగని పూర్తిగా ఒప్పూ కాదు. ఎంత ఒప్పు, ఎంత తప్పు అన్నది డాలర్ల లెక్కలోనే తేలాలి. ఇవాళ ఆ లెక్క చూద్దాం.

నా వృత్తి పన్ను రిటర్నులు చెయ్యటం, న్యూజెర్సీలో. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 15 దాకా నా బల్ల మీదికి రెండు రకాల కాగితాలు వస్తుంటాయి. ఒకటి డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం. రెండోది 1098-ఇ, అంటే స్టూడెంట్ లోన్ మీద ఆ ఏడాది కట్టిన వడ్డీ. చదువు గొప్పదా కాదా అన్నది నాకు అనవసరం. ఈ రెండు కాగితాలూ ఒకే మనిషివి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఆ చదువు అతనికి పెట్టిందో, అతని దగ్గర తీసుకుందో కనిపిస్తుంది.

ముందు అందరూ చూపించే అంకెలు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 లెక్కల ప్రకారం, పాతికేళ్లు దాటి ఫుల్‌టైం పనిచేసేవాళ్లలో హైస్కూలుతో ఆపేసినవాళ్ల మధ్యస్థ జీతం వారానికి 930 డాలర్లు. అసోసియేట్ డిగ్రీ ఉన్నవాళ్లది 1,099. బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లది 1,543. హైస్కూలుకూ అసోసియేట్‌కూ తేడా వారానికి 169 డాలర్లు, ఏడాదికి 8,788. అక్కడి నుంచి బ్యాచిలర్‌కు ఎక్కితే వారానికి ఇంకో 444, ఏడాదికి 23,000 పైచిలుకు. మొదటి మెట్టు చిన్నది, రెండో మెట్టు పెద్దది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

పైగా ఆ 1,099 అన్నది అన్ని రకాల అసోసియేట్ డిగ్రీలనూ కలిపి తీసిన లెక్క. అందులో పళ్లు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టులున్నారు. ఆ ఉద్యోగానికి కావలసింది మామూలుగా అసోసియేట్ డిగ్రీయే. 2024 మే నాటికి వాళ్ల మధ్యస్థ జీతం ఏడాదికి 94,260 డాలర్లు. రెండేళ్ల కోర్సు చేసి ఆర్.ఎన్. లైసెన్సు తెచ్చుకున్న నర్సులున్నారు. లైసెన్సు ఉన్న ఆ చదువులన్నీ కలిసి ఆ అంకెను పైకి లాగుతాయి. బిజినెస్ డిగ్రీకి లైసెన్సంటూ ఏదీ లేదు. ఆ డిగ్రీ లేనివాణ్ణి ఫలానా కుర్చీలో కూర్చోబెట్టకూడదని ఏ చట్టమూ చెప్పదు. అందుకే మొత్తం అసోసియేట్ డిగ్రీల అంకె చూపించి "బిజినెస్ చదివితే ఇంతొస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి రెండేళ్ల బిజినెస్ డిగ్రీతో వచ్చే ఉద్యోగం ఏది? ఆఫీసు అసిస్టెంటు, స్టోర్ సూపర్‌వైజర్, అన్నిటికన్నా ఎక్కువగా బుక్‌కీపర్. బుక్‌కీపింగ్, అకౌంటింగ్ క్లర్కుల మధ్యస్థ జీతం 2024 మేలో 49,210 డాలర్లు. చెడ్డ జీతమేం కాదు. కానీ ఈ ఉద్యోగానికి మామూలుగా కావలసిన చదువు గురించి అదే ప్రభుత్వ సంస్థ ఏమంటుందో తెలుసా? కొంత కాలేజీ చదువు చాలట, డిగ్రీ అక్కర్లేదట! పైగా సాఫ్ట్‌వేర్ వల్ల ఈ ఉద్యోగాలు రాబోయే పదేళ్లలో తగ్గుతాయని కూడా అంచనా వేసింది. అదే అకౌంటెంట్ అయితే మధ్యస్థ జీతం 81,680, కావలసింది బ్యాచిలర్ డిగ్రీ. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల మీద, ఒకే క్విక్‌బుక్స్ సాఫ్ట్‌వేర్ తెరచుకుని కూర్చున్న ఇద్దరి మధ్య ఉన్న తేడా అది.

ఇప్పుడు పెదనాన్న చెప్పని సంగతి. అసోసియేట్ ఇన్ బిజినెస్ అనే ఒకే పేరు కింద రెండు వేరువేరు చదువులున్నాయి. ఒకటి అసోసియేట్ ఆఫ్ సైన్స్, ఎ.ఎస్. కొన్నిచోట్ల ఎ.ఎ. అంటారు. అది యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్లటానికి వేసిన దారి. రెండోది అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, ఎ.ఎ.ఎస్. అది నేరుగా ఉద్యోగంలో చేరటానికి తయారుచేసింది. రెండూ అరవై క్రెడిట్ల దగ్గరే ఉంటాయి, ఫీజు ఒకటే, పట్టా ఒకలాగే ఉంటుంది. దరఖాస్తు ఫారంలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లవాడు "అప్లైడ్ అంటే ప్రాక్టికల్ కదా, ఉద్యోగానికి మంచిది" అనుకుని దాని పక్కన టిక్కు పెడతాడు. రెండేళ్ల తర్వాత యూనివర్సిటీకి వెళ్లాలనిపించినప్పుడు అసలు విషయం బయటపడుతుంది. అప్లైడ్‌లో అతను చేసింది బిజినెస్ మ్యాథ్, యూనివర్సిటీ అడిగేది కాలిక్యులస్, స్టాటిస్టిక్స్. అతను చేసింది ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోర్సు, అక్కడ అడిగేది ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజీరియల్ అకౌంటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్. సగం క్రెడిట్లు కలవవు. కలవని ప్రతి క్రెడిట్‌కూ రెండోసారి డబ్బు కట్టాలి, రెండోసారి టైము పెట్టాలి.

ఇది ఒకరిద్దరి కథ కాదు. కాలేజీ మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారని అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జి.ఎ.ఓ. సంస్థ 2017లో చెప్పింది. కమ్యూనిటీ కాలేజీలో చేరేటప్పుడు పదిమందిలో ఎనిమిదిమంది దాకా బ్యాచిలర్ డిగ్రీ చెయ్యాలనే చేరతారు. ఆరేళ్లలో నిజంగా చేసేది నూటికి పదహారుమంది. విజయవాడ వెళ్లాలని సికింద్రాబాద్‌లో రైలెక్కినవాళ్లలో ఎక్కువమంది కాజీపేటలో దిగిపోయినట్టే లెక్క.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. 2007లో వచ్చిన లాంపిట్ చట్టం వల్ల కమ్యూనిటీ కాలేజీలో ఎ.ఎ. గానీ ఎ.ఎస్. గానీ పూర్తిచేసినవాళ్ల క్రెడిట్లను రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు ఒప్పుకోవాలి. ఎ.ఎ.ఎస్.కు ఆ నియమం వర్తించదు. కాలిఫోర్నియాలో 2010 చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉంది. అది చేస్తే కాల్ స్టేట్ యూనివర్సిటీల వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు గ్యారంటీ. అయితే యూనివర్సిటీలో సీటు వేరు, ఆ యూనివర్సిటీలోని బిజినెస్ స్కూల్లో సీటు వేరు. రెండోదానికి చాలాచోట్ల విడిగా మార్కులు చూస్తారు. ఏ రాష్ట్రమైనా సరే, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు మొదటి సెమిస్టర్‌కు ముందే ఫోన్ చెయ్యండి. రెండేళ్లయ్యాక చేసే ఫోన్ వల్ల ఉపయోగం లేదు.

ఇక అప్పు సంగతి. నాకు ఎక్కువ బెంగ దీని గురించే.

2024-25లో సొంత జిల్లా కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ట్యూషన్, ఫీజులు కలిపి దేశవ్యాప్త సగటు 4,050 డాలర్లు. అదే సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో 11,610. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబపు పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 7,395 డాలర్లు. గ్రాంటంటే తిరిగి కట్టక్కర్లేనిది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ వస్తుంది. 4,050 ఎక్కడ, 7,395 ఎక్కడ! ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవాడికి ఫీజు పోగా పుస్తకాలకు, బస్సుకు కూడా మిగులుతుంది. న్యూజెర్సీలో అయితే ఏడాదికి 65,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ లేకుండా చేసే రాష్ట్ర గ్రాంటు కూడా ఉంది. అలాంటప్పుడు ఆ పిల్లవాడికి లోన్ ఎందుకు? అవసరం లేదు. కానీ తీసుకుంటాడు. ఎలా తీసుకుంటాడో వినండి.

కాలేజీ నుంచి ఫైనాన్షియల్ ఎయిడ్ ఉత్తరం వస్తుంది. పైన "అభినందనలు" అని ఉంటుంది. కింద వరసగా మూడు పద్దులు. పెల్ గ్రాంట్ 7,395. డైరెక్ట్ సబ్సిడైజ్డ్ 3,500. డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్ 2,000. అన్నిటికీ కింద మొత్తం 12,895. కొన్ని ఉత్తరాల్లో ఆ రెండో, మూడో పద్దుల్లో లోన్ అన్న మాట కూడా స్పష్టంగా ఉండదు. తండ్రి ఆ ఉత్తరం పట్టుకుని "మావాడికి పన్నెండువేల స్కాలర్‌షిప్ వచ్చిందండీ" అంటాడు. అందులో 5,500 అప్పు అని చెప్పాల్సి వచ్చేది నాకు. ఫీజు పోగా మిగిలిన డబ్బును కాలేజీ విద్యార్థి ఖాతాలో వేస్తుంది, దానికి పెట్టిన పేరేమో రీఫండ్! రీఫండ్ అంటే మన డబ్బు మనకు తిరిగొచ్చిందనే కదా ఎవరైనా అనుకునేది? దాంతో కొత్త ఫోను, సెకండ్ హ్యాండ్ కారుకు డౌన్ పేమెంటు. ఈ ఉత్తరాల్లో విద్యార్థి నిజంగా పెట్టుకోవాల్సిన ఖర్చును అసలు చెప్పని, లేదా తగ్గించి చెప్పే కాలేజీలు 91 శాతం అని 2022లో అదే జి.ఎ.ఓ. తేల్చింది.

తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500 దాకా, రెండో ఏడాది 6,500 దాకా ఇస్తారు. రెండేళ్లకు 12,000. పెళ్లయినవాళ్లకు, ఇరవైనాలుగేళ్లు నిండినవాళ్లకు రెండేళ్లకు 20,000 దాకా ఇస్తారు. 2025-26కు వడ్డీ 6.39 శాతం. 12,000 తీసుకుంటే పదేళ్లపాటు నెలకు సుమారు 136 డాలర్ల కిస్తీ. 20,000 అయితే 226. ఇండియాలో బ్యాంకు వడ్డీలు చూసివచ్చినవాళ్లకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఈ అప్పుకు ఒక గుణం ఉంది. దివాలా తీసినా మామూలుగా మాఫీ కాదు. డిఫాల్ట్ అయితే కోర్టు తీర్పు లేకుండానే జీతంలో పదిహేను శాతం దాకా కోసుకునే అధికారం ప్రభుత్వానికుంది. టాక్స్ రీఫండ్ మొత్తం కూడా పట్టుకోవచ్చు. మార్చిలో రీఫండ్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి, అది పాత స్టూడెంట్ లోన్‌కు జమైపోయిందని ఉత్తరం వచ్చినప్పుడు ఆ ముఖం చూడలేం.

ఇంకో మాట చెబితే చాలామంది నమ్మరు. డిఫాల్ట్ అయ్యేవాళ్లలో ఎక్కువమంది లక్ష డాలర్లు అప్పు చేసిన డాక్టర్లు, లాయర్లు కాదు. అయిదువేలో పదివేలో తీసుకుని, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు. అప్పు మిగులుతుంది, డిగ్రీ మిగలదు, జీతం పెరగదు. కాబట్టి అప్పు ఎంత అన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: వీడు ఈ చదువు పూర్తిచేస్తాడా? వారానికి నలభై గంటలు స్టోర్లో పనిచేస్తూ ఫుల్‌టైం కోర్సులు తీసుకుంటానంటే నేనైతే ఒప్పుకోను.

ప్రభుత్వం వారిది ఒక వెబ్‌సైటుంది, కాలేజ్ స్కోర్‌కార్డ్ అని. కాలేజీ పేరు, కోర్సు పేరు కొడితే అక్కడ చదివినవాళ్ల మధ్యస్థ జీతం, మధ్యస్థ అప్పు చూపిస్తుంది. జీతాలు పన్ను రికార్డుల నుంచి తీసినవి కాబట్టి కాలేజీ బ్రోషరు కన్నా నూరుపాళ్లు నమ్మదగ్గవి. అయితే చదవటం తెలియాలి. ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థుల జీతాలే అందులో ఉంటాయి. అప్పు అంకె అప్పు చేసినవాళ్లదే. అసలు అప్పే చెయ్యనివాళ్లు ఆ లెక్కలో లేరు. కాబట్టి మధ్యస్థ అప్పు 9,000 అని కనిపిస్తే, అక్కడ అందరూ తొమ్మిదివేలు అప్పు చేస్తారని అనుకోనక్కర్లేదు. ప్రైవేటు లోన్లు అందులో కలపరు. తల్లిదండ్రులు తీసుకున్న పేరెంట్ ప్లస్ లోన్ కూడా ఆ అంకెలో ఉండదు. పైగా సాయంత్రం క్లాసులకు వచ్చే నలభై ఏళ్ల స్టోర్ మేనేజరు జీతం, నిన్న హైస్కూలు దాటిన పిల్లవాడి జీతం ఒకే గంపలో ఉంటాయి. మేనేజరుకు ఆ జీతం డిగ్రీ వల్ల వచ్చింది కాదు, ముందే ఉంది.

ప్రభుత్వం దగ్గర ఇంకో కొలబద్ద ఉంది. ఏడాది లోన్ కిస్తీలు ఏడాది జీతంలో ఎనిమిది శాతం దాటకూడదని. మన పిల్లవాడికి వేసి చూడండి. 12,000 అప్పుకు ఏడాది కిస్తీ సుమారు 1,630 డాలర్లు. జీతం ఏడాదికి 20,400 వచ్చినా పరీక్ష పాసే! ఫుల్‌టైం కనీస వేతనం వచ్చినా న్యూజెర్సీలో అంతకన్నా ఎక్కువే వస్తుంది. అంటే రెండేళ్ల డిగ్రీ విషయంలో ఈ కొలత దాదాపు ఎవరినీ ఆపదు. అసలు పరీక్ష వేరే ఉంది: ఈ డిగ్రీ చేసినవాడు, చెయ్యనివాడికన్నా ఎక్కువ సంపాదిస్తున్నాడా? 2025 జూలై 4న సంతకమైన ఫెడరల్ చట్టం ఇప్పుడు ఇదే అడుగుతోంది. ఒక కోర్సు పూర్తిచేసినవాళ్ల మధ్యస్థ సంపాదన, ఆ రాష్ట్రంలో హైస్కూలుతో ఆపేసి పనిచేస్తున్న పాతిక, ముప్ఫైనాలుగేళ్ల మధ్యవాళ్ల సంపాదన కన్నా తక్కువగా మూడేళ్లలో రెండేళ్లు ఉంటే, ఆ కోర్సుకు ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. మంచి చట్టమే. కానీ అది కోర్సును ఆపేలోపు అందులో చేరినవాళ్ల సంగతి చట్టం చూడదు.

లాభం కోసం నడిచే కాలేజీల గురించి ఎక్కువ చెప్పను. కమ్యూనిటీ కాలేజీకి మూడు నాలుగు రెట్లు ఫీజు తీసుకుని అదే పేరున్న డిగ్రీ ఇస్తారు. కొరింథియన్ కాలేజెస్ అనే పెద్ద సంస్థ 2015లో మూతపడింది. అక్కడ చదివిన 5,60,000 మంది అప్పులను, మొత్తం 580 కోట్ల డాలర్లను, ప్రభుత్వం 2022లో మాఫీ చెయ్యాల్సి వచ్చింది. ఫోన్ చేసి "ఇవాళే సంతకం పెడితే సీటు" అనే కాలేజీ అయితే ఫోన్ పెట్టెయ్యండి.

హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వేరే మాట చెప్పాలి. మీ పిల్లలకు పెల్ లేదు, ఫెడరల్ లోన్ లేదు. ప్రైవేటు లోన్‌కు మామూలుగా పౌరుడో గ్రీన్ కార్డు ఉన్న మనిషో కో-సైన్ చెయ్యాలి. పిల్లవాడు పనిచేసి సంపాదించటానికి వీల్లేదు. ఇరవయ్యొకటో ఏడు వస్తే హెచ్-4 పోయి ఎఫ్-1 లోకి మారాలి. హెచ్-1బికి బ్యాచిలర్ డిగ్రీ కావాలి కాబట్టి అసోసియేట్‌తో ఆగితే ఎటూ దారిలేదు. మీకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు తగ్గించుకునే మార్గం మాత్రమే. ఎ.ఎస్. తప్ప ఎ.ఎ.ఎస్. వైపు చూడకండి.

కొత్తగా వచ్చిన గ్రీన్ కార్డు కుటుంబాలకు ఒక జాగ్రత్త. ఎయిడ్ కోసం నింపే ఫాఫ్సా ఫారంలో రెండేళ్ల కిందటి ఆదాయం అడుగుతారు. "అప్పుడు ఇండియాలో ఉన్నాం కదా" అని సున్నా వెయ్యకండి. అక్కడి సంపాదన డాలర్లలోకి మార్చి రాయాలి. ఇక్కడికి వచ్చాక పరిస్థితి మారితే కాలేజీ ఎయిడ్ ఆఫీసులో చెప్పుకోవచ్చు, వాళ్లకు లెక్క సవరించే అధికారం ఉంది.

నా తీర్పు ఇది. బిజినెస్ అసోసియేట్ డిగ్రీ ఒక్కటే చేతబట్టుకుని ఆగేవాడికి దాని మీద వచ్చే అదనపు జీతం తక్కువ. అందుకని దానికోసం అప్పు చెయ్యకూడదు. పెల్‌తో, రాష్ట్ర గ్రాంటుతో, జీతంతో అయితే చదవచ్చు. బ్యాచిలర్ దాకా వెళ్లేవాడు అప్పు తీసుకోవాల్సి వస్తే మొదటి రెండేళ్లలో కాకుండా, ఖర్చెక్కువుండే చివరి రెండేళ్లకు దాచుకోవాలి. రెండేళ్లలో ఉద్యోగమే ముఖ్యమనుకుంటే, బిజినెస్ కన్నా లైసెన్సు ఉన్న చదువు చూడటం మేలు. "మావాడికి సైన్సు రాదండీ" అంటారా? కాలేజీలో సైన్సు మొదటినుంచీ చెప్పే కోర్సులున్నాయి, అడగండి.

లోన్ ఇప్పటికే తీసుకున్నవాళ్లు కంగారుపడకండి. ఉత్తరంలో వచ్చిన లోన్‌ను వద్దనవచ్చు, కావలసినంతకే తగ్గించుకోవచ్చు. డబ్బు ఖాతాలో పడ్డాక కూడా, పడిన రోజు నుంచి 120 రోజుల్లోపు తిరిగి కట్టేస్తే ఆ మొత్తం మీద వడ్డీగానీ ఫీజుగానీ ఉండదు. సెప్టెంబర్ మొదట్లో పడిన డబ్బుకు డిసెంబర్ నెలాఖరు దాకా గడువుంది. ఆ డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంటే తిరిగి కట్టెయ్యండి.